చుక్కల పాఠంలో మిగిలిన సగం

బిడ్డా,

కోడి గెలికినట్టున్న నా రాతకు ఏమీ అనుకోకు. తప్పులుంటే నీ బడిపిల్లలవి దిద్దినట్టే దిద్దుకో.

నువ్వు చనిపోయి నిన్నటికి ఏడాది. పరకాలలో నువ్వు పాఠాలు చెప్పిన బడివాళ్ళు సైన్స్ ఫేర్‌కు నన్ను పిలిచారు. వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చున్నాను. నీ క్లాసు పిల్ల ఒకతె నువ్వు గీసిన పటం పట్టుకుని లేచింది. రెండు పాలపుంతలు ఒకదాంట్లోకి ఒకటి దూసుకుపోతున్న బొమ్మ అది.

"చుక్కలు గుద్దుకోవా బిడ్డా?" అని ఆ పిల్లను అడిగాను. నువ్వు అన్నం తింటూ ఇవన్నీ చెప్తుంటే ‘ఊ’ అనడమే గాని, ఏనాడూ ఒక్క మాట అడగలేదు.

"లేదు తాతా, చుక్కల నడుమ మస్తు జాగ ఉంటది. గ్యాసు మబ్బులే గుద్దుకుంటయి. అవి నలిగి, గుంపులు గుంపులుగ కొత్త చుక్కలు పుడతయి."

"మరి ఆ మబ్బంతా అయిపోతే?"

"మేడం ఆడిదాకనే చెప్పింది తాతా. మిగిలింది సోమవారం చెప్తనన్నది."

నోట్‌బుక్ తెరిచి చూపించింది. ఆ పేజీ సగం ఇంకా ఖాళీగానే ఉంచింది.

ఆ మిగిలిన సగం నువ్వు నాకు అన్నం దగ్గర చెప్పే ఉంటావు. ఎంత తలచుకున్నా నా ‘ఊ’ తప్ప ఏదీ గుర్తు రావడం లేదు.

కనుక్కొని చెప్తానని ఆ పిల్లకు మాటిచ్చాను. జర జల్ది రాయి బిడ్డా. ఈసారి వింటాను.

మీ నాయిన