జూలై పద్దెనిమిది నాటి వాన

వాతావరణ కార్యాలయం అధికారి గారికి,

మా ఆయన ఓర్విల్ పోయి పది రోజులైంది. ముప్ఫయ్యేళ్లు ఈ నెబ్రాస్కా పొలంలో రోజూ పొద్దున్నే మీకోసం వాన కొలిచారు. మీరిచ్చిన ఆ వాన కొలిచే గొట్టం తిరిగి పంపుతున్నాను.

ఒక తప్పు ఒప్పుకోవాలి. ఈ కరువులో మీకు పంపే కాగితంలో యాభై రోజులు సున్నాలే రాశారు. మంచం పట్టాక గొట్టం నేనే తెచ్చి చూపించేదాన్ని. జూలై పద్దెనిమిదిన ఆయన ముఖం చూడలేక అందులో కుళాయి నీళ్లు పోశాను. కొలపుల్ల ముంచి, "ఏమేవ్, వానొచ్చిందే! మొక్కజొన్న బతికిందిలే" అని నవ్వి, కాగితంలో అంకె వేశారు.

ఆ అంకె కొట్టేయమని అడగబోతూ, మీకు పంపిన కాగితం నకలు ఇప్పుడే చూశాను. ఆ రోజూ సున్నాయే. పక్కన ఆయన చేతిరాత: "కుళాయి నీళ్లు. మా ఆవిడకు చెప్పకండి."

ఆ కాగితం చదవకుండా పోస్టులో వేసింది నేనే. మీరూ నాకు చెప్పలేదు. చల్లగా ఉండండి.

ఓర్విల్ భార్య