గొర్రె తోలుకు కూడా తగలనియ్యని రంగు

తమ్ముడు తిరుపాలుకు,

తొండూరు నుంచి అక్క రాస్తాండా. ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తకపోతివి, అందుకే ఈ ఉత్తరం.

పోయిన నెల ప్రొద్దుటూరులో నీ అంగట్లో నా కుడిచేతి మీద నాయన పేరు పచ్చబొట్టు పొడిచి, పక్కన ఎర్రపువ్వు వేసినావు గదా. నల్లక్షరాలు బాగానే ఉండాయి. ఆ పువ్వే చీము పట్టి కంపు కొడతాంది. ఆ చేత్తో అన్నం కలుపుకోలేక ఎడంచేత్తో తింటాండా.

ఏం రంగు పొడిచినారో కనుక్కోని రమ్మన్నాడు డాక్టరు. నువ్వు పలకవని నా కూతురు మల్లికను నీ అంగడికి పంపిస్తి. ఎర్రసీసా మీద ఏముందో చదివొచ్చి చెప్పింది: 'ప్రింటింగుకు మాత్రమే. చర్మానికి తగలనీయరాదు.'

థూ! నాయన గొర్లకు గుర్తు పెట్టేటప్పుడు కూడా రంగు బొచ్చుకే పూసేటోడు, తోలుకు తగలనిచ్చేటోడు కాదు. ఆయన పేరు పక్కనే నువ్వు ఆ రంగును నా తోలు లోపలికి గుచ్చినావు.

సోమవారం ఆ సీసా తీసుకోని పులివెందుల ఆసుపత్రికి రా. ఊరందరికీ పొడిచే నీ ఒంటి మీద ఒక్క చుక్క కూడా ఎందుకు లేదో ఆ డాక్టరు ముందర చెప్పు.

నీ అక్క