యాడి తీసిన టోప్లీలు

బాపూ, భయపడకు. యాడి మెదడులో రక్తనాళం చిట్లలేదు. తండాకు ఫోను కలవక కార్డు రాస్తున్నాను.

మానుకోట దవాఖానలో స్కానింగుకు ముందు, "మీ అమ్మ జుట్టుకున్న వెండి తీయించు" అన్నారు. పెళ్లినాటి టోప్లీలు కదా, "నా మొగడు బతికుండంగ తియ్య" అని యాడి మొండికేసింది.

"కొత్త పద్ధతి పెద్దమ్మా, అయిదు నిమిషాలే" అంది నర్సు.

"అయిదు నిమిషాలకు ఆయనకేం కాదులే" అని తీసింది.

సూది లేదు, కోత లేదు. పారే నెత్తురే తన దారులన్నీ తెర మీద తెల్లగా గీసుకుంది. రోజూ మనల్ని తిట్టే ఆ తలలో ఇంత అందముందా అని చూస్తూ ఉండిపోయాను. ఒక్కచోట నాళం సన్నబడిందట, మందులు చాలన్నారు.

మేకలకు నీళ్లు పెడుతున్నావా? యాడి అడుగుతోంది. టోప్లీలు నా సంచిలోనే ఉన్నాయి. నిన్ను కళ్లారా చూశాకే పెట్టుకుంటుందట. కార్డు అందగానే రా.

నీ బిడ్డ సుమ