అమ్మ ఫారంలో నా జవాబులు

అక్కా,

అమ్మకి నాలుగో కీమో అయింది. మందు ఎక్కించే ముందు ఆసుపత్రిలో ఓ ఫారం ఇస్తారు, నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా, ఊరికే ఏడుపొస్తోందా అని. అమ్మ వేళ్లు తిమ్మిరెక్కి పెన్ను పట్టలేదు కాబట్టి నేనే నింపుతాను.

ఈసారి డాక్టరమ్మ అది చదివి, "ఏంటమ్మా, మూడు వారాలుగా నిద్రే లేదా? ఎవరితోనూ మాట్లాడాలనిపించట్లేదా?" అని కంగారుపడింది.

"నాకా? గుర్రు పెట్టి మరీ నిద్రపోతున్నాను తల్లీ! అవి నావి కావు, మా చిన్నదానివి," అంది అమ్మ.

నిజమే. ఆలోచించకుండా నా సంగతే రాసేశాను. డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి మాట్లాడింది, మంగళవారం కౌన్సెలర్ దగ్గరికి రమ్మంది. అమ్మని ఒంటరిగా వదిలి ఎలా వెళ్లనని నేను నసుగుతుంటే, "దాని అక్క వస్తుందిలే," అని అమ్మ నీ తరఫున మాటిచ్చేసింది.

వీలవుతుందా? ఫోన్లో నువ్వు అమ్మెలా ఉందని అడుగుతావు, నేను బాగానే ఉందంటాను, పెట్టేస్తాం. ఆ తర్వాత కూడా కాసేపు ఫోన్ చేతిలోనే ఉంచుకుంటాను. అమ్మ కోసమని సెలవు అడుగు, ఆఫీసులో కాదనరు. కానీ నా కోసం రా. రాగానే అమ్మ గదిలోకి పరుగెత్తకు. ముందు వంటింట్లోకి వచ్చి, చిన్నప్పటిలా నా జడ పట్టుకు లాగు.

నీ చెల్లి