కణాలు తేరుకోని మూడు రోజులు

మచ్చ బొల్లారం,
ఆదివారం.

ప్రియమైన అక్కకు,

సుజాత నమస్కారాలు. నువ్వూ బావగారూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను, దిగులు పడకు. ఎండలు ముదిరాయి. హాస్టల్లో పచ్చి పులుసు అలవాటైంది గానీ ఆదివారం వస్తే నీ వంకాయ కూర గుర్తొచ్చి ముద్ద దిగదు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త కందిపొడి పంపు.

శామీర్‌పేటలో నీ పనేమిటే అని అడిగావు. మా ల్యాబులో గాజు పళ్ళాల్లో జీవకణాలను పెంచుతాం. కణం బతుకుతున్నంతసేపూ దాని లోపల ఆమ్లం పుడుతూనే ఉంటుంది. అది పేరుకుపోతే కణం పనులన్నీ కుంటుపడతాయి. అందుకే దాని పైపొరలో చిన్న ద్వారాలుంటాయి. వాటిగుండా ఉప్పులోని సోడియం లోపలికి వస్తూ, ఆమ్లాన్ని బయటికి పంపిస్తుంది. మేము కావాలనే లోపల ఆమ్లం పెంచి, కణం ఎంతసేపటికి తేరుకుంటుందో చూస్తాం. తేరుకుంటే అందులో వేసిన రంగు మళ్ళీ వెలుగుతుంది.

పోయిన వారం వరసగా మూడు రోజులు వెలుగు రాలేదు. మా పెద్ద సారు, గాజుసామాను కడిగే యాదమ్మను పిలిచి, "నువ్వు సబ్బు సరిగ్గా వదిలించడం లేదు, కణాలు దెబ్బతింటున్నాయి. సోమవారం నుంచి రావద్దు" అన్నారు.

"ఏడేండ్ల సంది కడుగుతున్న సారూ. ఒక్కనాడు గిట్ల కాలే" అని మాత్రం అంది యాదమ్మ. నేను చేరిన కొత్తలో జ్వరమొస్తే జావ కాచి తెచ్చింది ఈవిడే.

నాకు మనసొప్పక, కణాల మీద పోయడానికి నేను కలిపిన నీళ్ళ సీసాలు మధ్యాహ్నం పరీక్షించాను. సోడియం ఉన్న నీటిలో తీగ ముంచి మంటలో పెడితే మంట పసుపు రంగుకు తిరగాలి. 'సోడియం ఉన్నది' అని రాసిన సీసాతో తిరగలేదు. పోల్చి చూడడానికి పెట్టుకుని, ఆ మూడు రోజులూ వాడని 'సోడియం లేనిది'తో తిరిగింది. రెండు చీటీలూ నా చేతిరాతే. తారుమారుగా అంటించాను.

వెళ్ళి, "తప్పు నాది సార్" అన్నాను. ఆయన చూపించమన్నారు. సోడియం లేని నీటిలో కణాలు మసకగానే ఉండిపోయాయి. ఉన్న నీరు పోశాక కొద్ది నిమిషాల్లో వెలుగు పైకెక్కింది.

సారు యాదమ్మను పిలిచి సోమవారం రమ్మన్నారు.

"రమ్మంటుండ్రు, మంచిదే. నా తప్పు గాదని గూడ చెప్పుండ్రి సారూ" అంది.

ఆయన కళ్ళజోడు తీసి, "నీ తప్పు లేదు యాదమ్మా" అన్నారు.

నా ఉద్యోగం ఖాయం చేయడం ఆరు నెలలు వెనక్కి జరిగింది. నాన్నగారితో నువ్వు అనకు, నేనే చెబుతాను.

తర్వాత యాదమ్మ నా బల్ల దగ్గరికొచ్చి, "ఇన్నేండ్లు వీటి గిన్నెలే కడిగిన, ఇవెట్లుంటయో సూడలే" అంది. కుర్చీ జరిపి మైక్రోస్కోపు చూపించాను. చాలాసేపు కన్ను తీయలేదు.

"గింతేనా బిడ్డా" అంది చివరికి. "నేనేందో మస్తు పెద్దగుంటయనుకున్న."

పెద్దవాళ్ళందరికీ నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నీ దీవెన కోరుతూ,

నీ చెల్లెలు
సుజాత