నాగార్జునకొండ నుంచి ఆఖరి లాంచి

సుజాతా,

ఈరోజు అమీర్‌పేటలో మన టైలర్ షాపు తెరవలేదు. నువ్వు పోయి ఏడాదైంది కదా, నాగార్జునకొండకు వెళ్లొచ్చాను.

అప్పుడు ఇద్దరం వెళ్లినప్పుడు, పంజాగుట్ట పెళ్లివారి జాకెట్లు ఇవ్వాలని నిన్ను మొదటి లాంచికే తిప్పి తీసుకొచ్చాను. మ్యూజియంలో రాతి బుద్ధుడి ముందు నువ్వు, "జర ఆగయ్యా, గా బట్ట మడతలు చూడనియ్" అన్నావు. నేను ఆగలేదు. వాళ్లేమో జాకెట్ల కోసం నాలుగు రోజుల తర్వాత వచ్చారు.

ఇవాళ ఆ బుద్ధుడి ముందే నిలబడ్డాను. భుజం మీద నుంచి దిగిన వస్త్రానికి ఎక్కడా కుట్టు లేదు. రాయి అంత మెత్తగా జారుతుందని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

కాపలా ఆయన నవ్వాడు. "ఏం పెద్దాయనా, బుద్ధునికి అంగీ కుడ్తవా?"

చూసుకుంటే మెడలో టేపు! పొద్దున అలవాటుగా వేసుకుని బయలుదేరాను. నువ్వుంటే గడప దగ్గరే లాగేసేదానివి.

"లాంచి పోతున్నది, పోవా మరి?" అన్నాడు.

"పోనియ్ అన్నా. ఆఖరి దాంట్ల పోత."

ఇక చేసే పనేమీ లేదు. బయట రాతి మెట్ల మీద కూర్చున్నాను. నీళ్లలో చేపల పడవ ఒకటి కదిలీ కదలనట్టు పోయింది. నీకు సరిగ్గా చెప్పాలని రెండుసార్లు లోపలికి వెళ్లి మడతలు మళ్లీ చూశాను. మోకాలి దగ్గర పలచన, పాదాల దగ్గర అంచు మందం. నువ్వు లంగాలకు అంచు మడిచేది అలాగే. అంచుకు బరువుంటేనే బట్ట నిలుస్తుందనేదానివి.

ఆఖరి లాంచి కూత వేసేదాకా అక్కడే ఉన్నాను.