రెండు చుట్ల జాజికాయ

ఆగస్టు 5
అక్క బిడ్డకు మూడో నెల. నిన్నటి నుంచి విరేచనాలు. అవ్వ సానరాయి కడిగింది. నాలుగు చుక్కల నీళ్లు, జాజికాయతో రెండు చుట్లు అరగదీసి — ఆ గంధాన్ని అక్క పాలలో కలిపి పోసింది.
"చుట్టంటే ఎంత అవ్వా? మిల్లీగ్రాముల్లో చెప్పు."
"మీ ఫార్మసీ కాలేజీలో చెప్పలేదా? నా వేలికి తెలుసులే, పోవే."
నాయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆగస్టు 8
శ్రావణ శుక్రవారం. పాయసం నేనే చేశాను. యాలకులు నిండుకున్నాయి. అవ్వ జాజికాయల్లో ఒకటి మిక్సీలో వేసి, చిటికెడు కలిపాను. ఇల్లంతా వాసన. నాయన రెండో గిన్నె అడిగాడు. అవ్వ మాత్రం... "అది ఎక్కువైతే మత్తు ఎక్కుతాదే. చూసి ఎయ్." మిగిలిన పొడి సీసాలో.

ఆగస్టు 10
రాయాలి.
ఉదయం అక్క స్నానానికి వెళ్లింది. అవ్వ గొర్రెల దగ్గర. బిడ్డకు మళ్లీ విరేచనం, ఒకటే ఏడుపు. సీసాలోని పొడి, గోరువెచ్చని నీళ్లు... నేనే పోశాను. కొలిచే పోశాననుకున్నాను. తర్వాత అవ్వ వచ్చి ఎప్పటిలాగే రెండు చుట్లూ పోసింది. అప్పుడే చెప్పాల్సింది. వెక్కిరిస్తుందని ఊరుకున్నాను.
మధ్యాహ్నం దాటినా బిడ్డ లేవదు. పాలకు నోరు తెరవదు. మార్కాపురం ఆసుపత్రికి పరుగు.
"ఏం పోసినారు?" — డాక్టరు.
"జాజికాయ సార్. రెండే చుట్లు." — అవ్వ.
"చంటిబిడ్డకు అయ్యన్నీ ఏందమ్మా!"
నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు.

ఆగస్టు 11
కళ్లు తెరిచింది. పాలు తాగింది.

ఆగస్టు 13
ఇల్లు చేరాం. అక్క సానరాయిని అటక మీద పెట్టించింది. "ఇంక నా బిడ్డను ముట్టుకోవద్దవ్వా." అవ్వ కొంగుతో చేతులు తుడుచుకుని గొర్రెల దగ్గరికి వెళ్లిపోయింది.
అక్క నాతో — "ఇంకనించి ఏం మందైనా నువ్వే చూడు. చదువుకున్నదానివి."

ఆగస్టు 14
"అవ్వా, ఆ రోజు..." అన్నాను.
తనే అందుకుంది — "రెండే అనుకున్నా తల్లీ. నాలుగు తిప్పినానేమో. కండ్లు ఆనట్లేదు."
కాదు అనాలి. ఒక్క మాట. కంచంలో అన్నం కలుపుతూ కూర్చున్నాను.

ఆగస్టు 16
అవ్వను నాయన కంటి డాక్టరుకు చూపిస్తాడట. ఎనిమిదింటికే ఉతికిన చీర కట్టుకుని గడపలో కూర్చుంది.
"నువ్వూ రా అమ్మా. ఆ బిడ్డకు ఏం చేసినానో డాక్టరుకు నువ్వయితే సరిగ్గా చెప్తావు."
ఆటో వచ్చింది. నాయన పిలుస్తున్నాడు. నేను ఇంకా రాస్తూనే ఉన్నాను...